యువ పాఠకుల కోసం రాజకుటుంబ ప్రేమకథ: భిన్న జాతుల జంటను రాసే పద్ధతి

యువరాజు ఒక జాతివాడు, అతడు మనసిచ్చిన అమ్మాయి మరొక జాతిది, చదివేవారు పదహారు నుంచి ఇరవై ఏళ్ళ లోపువారు. ఈ మూడింటినీ కలిపి నవల రాయాలని కూర్చున్నవారికి మొదట తోచే కథ దాదాపు ఒకటే. ఇద్దరూ ప్రేమించుకుంటారు, రాణిగారు ఒప్పుకోరు, కన్నీళ్ళు కారుతాయి, చివరికి రాణిగారు ఒప్పుకుంటారు. ఇటువంటి కథ సగానికి రాకముందే నీరసించిపోతుంది. లోపం ప్రేమలో ఉండదు, అడ్డంకిలో ఉంటుంది. పెద్దలకు ఇష్టం లేకపోవడమనేది ఏ ఇంట్లోనైనా జరిగేదే, దానికి కిరీటం అక్కరలేదు. రాజకుటుంబంలో పెళ్ళికి ఎవరో సంతకం పెట్టాలి, ఏదో సభ ఆమోదించాలి, పొరుగు దేశం ఏమంటుందోనని ఏదో మంత్రిత్వశాఖ లెక్కలు వేసుకోవాలి. జాతి వివక్ష తన పేరు చెప్పుకోకుండా ఆ సంతకాల వెనుక, ఆ లెక్కల వెనుక దాగి ఉంటుంది. దానిని అక్కడి నుంచి బయటికి లాగడమే ఈ తరహా నవల చేయవలసిన పని, కింద చెప్పిన మెట్లన్నీ అందుకోసమే.

మొదటి మెట్టు: నిజంగా జరిగిన ఒక కథను క్షుణ్ణంగా తెలుసుకోండి

ఊహా రాజ్యాన్ని సృష్టించదలచినా, ముందుగా చరిత్రలో జరిగిన ఒక ఉదంతాన్ని పూర్తిగా చదవాలి. ఈ విషయానికి సెరెట్సే ఖామా, రూత్ విలియమ్స్‌ల ఉదంతాన్ని మించిన పాఠం లేదని నా అభిప్రాయం.

సెరెట్సే 1921లో సెరోవే పట్టణంలో పుట్టాడు. అప్పట్లో ఆ ప్రాంతం బెచువానాలాండ్ అనే బ్రిటిష్ రక్షిత దేశం, నేటి బోట్స్వానా. తండ్రి 1925లో మరణించడంతో నాలుగేళ్ళ పసివాడు బమాంగ్వాటో ప్రజలకు రాజయ్యాడు, పినతండ్రి ట్షెకెడి అతని తరఫున పాలన చేపట్టాడు. న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళిన సెరెట్సే, 1947లో లండన్ మిషనరీ సొసైటీ ఏర్పాటు చేసిన ఒక నృత్య కార్యక్రమంలో రూత్‌ను కలిశాడు. ఆమె రెండవ ప్రపంచ యుద్ధంలో వైమానిక దళ మహిళా విభాగంలో పనిచేసి, తరువాత లండన్‌లో గుమాస్తా ఉద్యోగంలో చేరిన యువతి. ఇద్దరికీ జాజ్ సంగీతమంటే ఇష్టం. చర్చిలో వివాహం చేసుకోబోతే, ప్రభుత్వం అంగీకరిస్తే తప్ప వీలుకాదని చర్చి పెద్దలు అడ్డుపడ్డారు. చివరికి 1948 సెప్టెంబరు 29న కెన్సింగ్టన్‌లోని రిజిస్ట్రారు కార్యాలయంలో పెళ్ళి జరిగింది.

ఇక్కడి నుంచి కథ రాజ్యాల చేతిలోకి వెళ్ళిపోతుంది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ గద్దెనెక్కింది, మరుసటి ఏడాది భిన్న జాతుల మధ్య వివాహాలను నిషేధిస్తూ అక్కడ చట్టం వచ్చింది. సరిహద్దుకు అవతల ఒక నల్లజాతి రాజు, అతని పక్కన తెల్లజాతి రాణి ఉండడం ఆ ప్రభుత్వానికి కంటగింపు. దక్షిణాఫ్రికా బంగారం, యురేనియం కావలసిన బ్రిటన్ ఆ కంటగింపును తన సమస్యగా చేసుకుంది. సెరెట్సే రాజుగా తగునా అని తేల్చడానికి ఒక విచారణ సంఘాన్ని వేసింది. వ్యక్తిగా అతడు అన్ని విధాలా సమర్థుడేనని, అయితే పొరుగు దేశపు ఆగ్రహం దృష్ట్యా గద్దెకు తగడని తేల్చిన ఆ నివేదికను ప్రజలకు చూపించకుండా దాచేసింది. 1950లో చర్చల పేరుతో లండన్‌కు పిలిపించి, దేశ బహిష్కారం విధించింది. రూత్ అప్పుడు గర్భవతి, మొదట సెరోవేలోనే ఉండిపోయి, తరువాత భర్తతోపాటు ప్రవాసానికి వెళ్ళింది. 1956లో, గద్దెపై హక్కును వదులుకున్న తరువాత, మామూలు పౌరులుగా ఇద్దరూ తిరిగి రాగలిగారు.

చదివేటప్పుడు ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని, "ఎవరు ఎవరిని ప్రేమించారు" అన్న వరుసను పక్కన పెట్టి, "ఎవరి అనుమతి కావాలి, ఎవరు ఏ కాగితం దాచారు, ఎవరిని ఏ ఊరి నుంచి ఏ ఊరికి పంపించారు" అన్న వరుసను రాసుకోండి. మీ నవలకు వెన్నెముక ఆ రెండో వరుసలో దొరుకుతుంది.

రెండో మెట్టు: తాళం ఎక్కడుందో నిర్ణయించుకోండి

ప్రతి రాజ్యంలోనూ పెళ్ళికి ఒక తాళం ఉంటుంది, దాని చెవి ఒకరి దగ్గర ఉంటుంది. బ్రిటన్‌లో 1772 నాటి చట్టం ప్రకారం రెండవ జార్జి వంశీకుల వివాహాలకు, కొద్ది మినహాయింపులతో, రాజు అంగీకారం తప్పనిసరిగా ఉండేది. 2013లో చేసిన చట్టం ఆ నిబంధనను వారసత్వ వరుసలో మొదటి ఆరుగురికి పరిమితం చేసింది. నెదర్లాండ్స్‌లో పార్లమెంటు ఆమోదం లేకుండా పెళ్ళాడినవారు వారసత్వ హక్కు కోల్పోతారు. జపాన్‌లో సామాన్యుణ్ణి పెళ్ళాడిన రాకుమారి రాజకుటుంబం నుంచి వైదొలగాలి, 2021లో మాకో అలాగే వైదొలగింది. ఈ చట్టాలలో ఎక్కడా జాతి, రంగు అన్న మాటలు కనిపించవు. కథకుడు పట్టుకోవలసిన కీలకం అదే. చట్టంలో లేని మాటను ఆచరణలో అమలు చేయడానికి ఎవరు ఏ సాకు వెతుకుతారన్నది మీరు కనిపెట్టాలి.

కథను మన ప్రాంతంలో పెట్టదలచినవారికి రెండు దారులున్నాయి. ఒకటి వలస కాలం. విజయనగరం, వెంకటగిరి, బొబ్బిలి వంటి జమీందారీలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. ప్రెసిడెన్సీలో వారసుడు మైనరైతే జమీందారీ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే ప్రభుత్వ విభాగం అజమాయిషీలోకి వెళ్ళేది, ఆ పిల్లవాడి చదువూ పెంపకమూ ప్రభుత్వ అధికారుల చేతిలో ఉండేవి. అటువంటి మైనరు జమీందార్లను మద్రాసులోని న్యూయింగ్టన్ అనే వసతి గృహంలో ఉంచి చదివించేవారు. సొంత ఊరికి యజమాని అయి ఉండి, సెలవులకు ఇంటికి వెళ్ళాలన్నా ఒక దొర అనుమతి అడగవలసిన పదిహేడేళ్ళ కుర్రవాడి కంటే ఈ తరహా నవలకు తగిన కథానాయకుణ్ణి వెతకడం కష్టం. రెండోది వర్తమానం. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలూ బిరుదుల గుర్తింపూ రద్దయ్యాయి కనుక ఇప్పటి భారతదేశంలో చట్టం దృష్టిలో యువరాజు లేడు. కోట ఉంటుంది, పరువు ఉంటుంది, గుడి ఉత్సవంలో మొదటి మర్యాద ఉంటుంది, ఆపే అధికారం మాత్రం ఉండదు. ఆ శూన్యమే కథావస్తువు అవుతుందనుకుంటే రాయండి, లేకపోతే ఊహా రాజ్యాన్ని ఎంచుకోవడం నయం.

పొరుగున ఉన్న పుదుక్కోట్టై ఉదంతం కూడా చూడదగినది. అక్కడి రాజు మార్తాండ భైరవ తొండైమాన్ 1915లో మెల్‌బోర్న్‌లో మాలీ ఫింక్ అనే ఆస్ట్రేలియా యువతిని పెళ్ళాడాడు. పెళ్ళిని ఎవరూ ఆపలేదు. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను రాణిగా గుర్తించలేదు, వారి కుమారుణ్ణి వారసుడిగా అంగీకరించలేదు, అంతే. రాజు చివరికి పాలన వదులుకుని విదేశాలలో స్థిరపడి, 1928లో పారిస్‌లో మరణించాడు. అనుమతి నిరాకరించడం ఒక తాళమైతే, గుర్తింపు నిరాకరించడం మరింత నిశ్శబ్దమైన తాళం.

మూడో మెట్టు: వయసుల విషయంలో రాజీ పడకండి

చరిత్రలో దొరికే జంటలన్నీ యువ పాఠకులకు పనికిరావు. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా 1798 నుంచి 1805 వరకు ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారుకు దగ్గరైన కుటుంబానికి చెందిన ఖైరున్నీసాల కథ కోఠీ రెసిడెన్సీ చుట్టూ నేటికీ ప్రేమగాథగానే వినిపిస్తుంది. పెళ్ళినాటికి ఆమె పద్నాలుగేళ్ళ ప్రాయపు బాలిక, అతడు ముప్పై ఆరు దాటిన అధికారి. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు పంపించేశారు, అదే ఏడాది అతడు కలకత్తాలో చనిపోయాడు, ఆమె 1813లో కన్నుమూసింది. దీనిని చరిత్రగా, విషాదంగా రాయవచ్చు, పదహారేళ్ళ పాఠకురాలి చేతికి ఆదర్శ ప్రేమగా అందించకూడదు.

నాయికా నాయకులు పదిహేడు నుంచి పందొమ్మిదేళ్ళ మధ్య, ఇంచుమించు ఒకే వయసులో ఉండాలి. సెరెట్సే, రూత్‌లు కలిసేనాటికి ఇరవైలలో ఉన్నారు. నిజమైన వ్యక్తుల వయసు తగ్గించి రాయడం సరికాదు కనుక వారి కథలోని చిక్కుముడిని తీసుకుని, మనుషులను మాత్రం కొత్తగా సృష్టించాలి. ఆ వయసులో కథ పెళ్ళితో ముగియనవసరం లేదు. ప్రేమను దాచకుండా బహిరంగంగా ఒప్పుకోవడం వరకు రాస్తే చాలు, రాజకుటుంబంలో దానికే పెద్ద మూల్యం చెల్లించవలసి వస్తుంది.

నాలుగో మెట్టు: ఇద్దరినీ మనుషులుగా నిలబెట్టండి

జాతి భేదం తప్ప మరే గుణమూ లేని జంట ఈ తరహా రచనల్లో తరచుగా కనిపిస్తుంది. దానికి విరుగుడు ఏమిటంటే, మొదటి మూడు అధ్యాయాలలో వాళ్ళిద్దరూ తమ తేడా గురించి ఒక్క మాట కూడా అనుకోకుండా రాసి చూడడం. అప్పుడు కూడా వాళ్ళ మధ్య మాటలు సాగుతుంటే జంట కుదిరినట్టే. జాజ్ రికార్డుల వంటి ఒక ఉమ్మడి ఇష్టం, ఒకరిని చూసి మరొకరు అసూయపడే నేర్పు, ఇద్దరూ కలిసి చేయవలసిన పని, వీటిలో ఏదైనా ఉండాలి.

ఒంటి రంగు వర్ణన దగ్గర తెలుగు రచయిత మరింత మెలకువగా ఉండాలి. దబ్బపండు ఛాయను అందానికి కొలతగా పెట్టుకున్న వర్ణనలు మన కాల్పనిక సాహిత్యంలో కావలసినన్ని ఉన్నాయి, పెళ్ళిచూపుల్లో "పిల్ల కాస్త నలుపు" అని గొంతు తగ్గించి చెప్పే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఆ చూపుతోనే ఆఫ్రికా యువరాజును చూస్తే కథకుడు తెలియకుండానే సెరోవేను వదిలి, దక్షిణాఫ్రికా ప్రభుత్వ పీఠమైన ప్రిటోరియా పక్షం చేరతాడు. ఆచరణలో ఒక నియమం పెట్టుకోవచ్చు. నల్లని చర్మాన్ని వర్ణించిన ప్రతి చోటా తెల్లని చర్మాన్ని కూడా అంతే శ్రద్ధగా వర్ణించండి, లేదా రెండింటినీ వదిలేయండి. కాఫీ, చాక్లెట్, పాలమీగడ వంటి తినుబండారాలతో మనుషులను పోల్చవద్దు.

మరొక ప్రలోభం ఉంది. జాతి భేదాన్ని కులాంతర ప్రేమకు మారుపేరుగా వాడుకోవాలనిపిస్తుంది. తెలుగు పాఠకులు ఎలాగూ తమ అనుభవంలోని నిరాకరణలతో పోల్చుకుంటూనే చదువుతారు, ఆ పని వాళ్ళకే వదిలేయాలి. బెచువానాలాండ్‌లో జరిగినదానికి వలస పాలన, గనులు, సరిహద్దు అన్న కారణాలున్నాయి. వాటిని తుడిచేసి మన ఊరి గొడవను అక్కడ అంటిస్తే రెండు నిజాలూ చెడతాయి.

ఐదో మెట్టు: ఎదిరించేవారికి నిజమైన కారణం ఇవ్వండి

అన్నింటికంటే ఎక్కువ సమయం ఈ మెట్టుపైనే వెచ్చించాలి. ట్షెకెడిని ప్రతినాయకుడిగా చూపించడం ఎంతో తేలిక, అలా చూపించిన వెంటనే నవల చచ్చిపోతుంది. అతడు దక్షిణాఫ్రికాలోని ఫోర్ట్ హేర్ కళాశాలలో చదువుకుంటూ, ఇరవై ఏళ్ళ వయసులో అన్న కొడుకు కోసం చదువు మానుకుని వచ్చి పాలనా భారం తలకెత్తుకున్నాడు. రెండు దశాబ్దాలకు పైగా ఆ గద్దెను పదిలంగా కాపాడి, దానిని అప్పగించే వేళకు, లండన్ నుంచి పెళ్ళి గురించి ఒక ఉత్తరం వచ్చింది. రాజు పెళ్ళి ప్రజలందరి వ్యవహారమని, వారిని అడగకుండా ఎవరినీ రాణిగా తీసుకురాకూడదని అతని వాదన. అందులో జాతి గురించిన మాట కంటే ఆనవాయితీ గురించిన మాటే ఎక్కువ. నల్లజాతివాణ్ణి చేసుకోవద్దన్న రూత్ తండ్రి వాదన అటువంటిది కాదు. బ్రిటిష్ మంత్రుల వాదన మూడో రకం, వాళ్ళకు వ్యక్తిగతంగా ద్వేషం ఉందో లేదో తెలియనవసరం లేదు, ద్వేషించే పొరుగువాడితో వ్యాపారం చెడకూడదన్నదే వాళ్ళ చింత.

ఇలా ముగ్గురు ఎదిరించేవారిని, మూడు వేర్వేరు కారణాలతో సిద్ధం చేసుకోండి. ఒకరు ప్రేమతో ఎదిరించాలి, ఒకరు అసహ్యంతో ఎదిరించాలి, ఒకరు నవ్వుతూ, మర్యాదగా, ఫైలు మూసేస్తూ ఎదిరించాలి. ఈ ముగ్గురిలో ప్రేమతో ఎదిరించేవాడు చెప్పిన మాటకు కథానాయకుడి దగ్గర వెంటనే జవాబు ఉండకూడదు. ఒక అధ్యాయమంతా అతడు ఆ మాటను మోస్తూ తిరగాలి. వాస్తవంలో కూడా పినతండ్రికీ అన్న కొడుకుకీ రాజీ కుదిరింది, అయితే అందుకు ఏళ్ళు పట్టింది. ట్షెకెడి ఆనాడు ఇరవై ఏళ్ళ కుర్రవాడుగా ఏం కోల్పోయాడో ఒక చోట గుర్తుచేయగలిగితే, యువ పాఠకులు అతణ్ణి క్షమించకపోయినా అర్థం చేసుకుంటారు.

ఆరో మెట్టు: ప్రజలను జనసమూహంగా వదిలేయకండి

రాజకుటుంబ కథల్లో ప్రజలు సాధారణంగా బాల్కనీ కింద చేతులూపడానికి పరిమితమవుతారు. బమాంగ్వాటోలకు క్గోట్లా అనే బహిరంగ సభాస్థలి ఉంది, మన రచ్చబండ మాదిరి, అయితే రాజ్య నిర్ణయాలన్నీ అక్కడే జరిగేవి. అక్కడ సామాన్యుడు సైతం రాజు ఎదుట తన మాట చెప్పవచ్చు. 1948 నవంబరులో జరిగిన సభలో ఎక్కువమంది పెళ్ళిని వ్యతిరేకించారు, డిసెంబరులో మళ్ళీ సభ జరిగింది, 1949 జూన్ నాటి మూడో సభలో వేలాది మంది సెరెట్సేను భార్యతో సహా అంగీకరించారు. ఆ అంగీకారం తెల్లరాణిపై అభిమానంతో వచ్చినదని అనుకోనవసరం లేదు. గద్దె పినతండ్రికి పోతుందేమోనన్న అనుమానం కూడా అందులో పనిచేసింది.

మూడు సభలను మూడు అధ్యాయాలుగా రాయడం మంచి అభ్యాసం. మొదటి దానిలో వ్యతిరేకంగా మాట్లాడిన ఒక ముసలాయన మూడో దానిలో ఎందుకు మారాడో చూపించాలి, ఆ మార్పు కథానాయకుడి ఉపన్యాసం వల్ల మాత్రమే వచ్చినట్టు ఉండకూడదు. ఇంకొక సంగతి గమనించండి. అది సంప్రదాయం ప్రకారం పురుషుల సభ, పైగా రూత్ ఆ దేశంలో అడుగుపెట్టింది 1949 ఆగస్టులో. తన బతుకును తేల్చిన సభలో ఆమె లేనే లేదు. కథానాయిక కంటితో కథ చెబుతున్నవారు ఈ సమస్యను ఎలా దాటాలో ముందే ఆలోచించుకోవాలి. ఆ రోజు ఆమె లండన్‌లో తంతి వార్త కోసం ఎదురుచూస్తూ చేసిన పనులను రాయడం నాకు నచ్చే పరిష్కారం.

ఏడో మెట్టు: పిలుపులను కథలో భాగం చేయండి

ఆంగ్లంలో ప్రేమించుకునే జంటను తెలుగులో మాట్లాడించేటప్పుడు, వాళ్ళు ఒకరినొకరు "మీరు" అనుకుంటారా "నువ్వు" అనుకుంటారా అన్నది రచయిత తేల్చాలి. దీనిని అడ్డంకిగా భావించవద్దు, తెలుగు రచయితకు దొరికిన మంచి పనిముట్టు ఇది. ఇద్దరూ "మీరు"తో మొదలై, ఒక పట్టరాని కోపంలో ఆమె "నువ్వు" అనేస్తే, అతడు దానిని సవరించకుండా ఊరుకుంటే, ప్రేమను ప్రకటించే పేజీ వేరే రాయనవసరం ఉండదు. బాబాయి ఇంట్లో "ఒరే" అని పిలిచి, సభలో "ప్రభువులు" అంటే ఆ దూరం పాఠకుడికి వెంటనే అందుతుంది. అధికారి ఎంత కఠినమైన ఉత్తర్వు చదివినా "తమరు" వదలకూడదు. ఊహా రాజ్యమైతే బిరుదులు రెండు మూడుకు మించి పెట్టుకోవద్దు, పది రకాల బిరుదులుంటే పాఠకుడికి మనుషులు గుర్తుండరు.

ఎనిమిదో మెట్టు: అధ్యాయాల అమరిక

యువ పాఠకుల నవలకు 50,000 పదాలు చాలునని నా అంచనా. మొదటి పాతికవంతులోనే ప్రేమ బయటపడాలి, ఎందుకంటే అసలు కథ బయటపడిన తరువాతే మొదలవుతుంది. నడుమ భాగంలో జంటను విడదీసి రెండు ఊళ్ళలో ఉంచండి. 1950లో సెరెట్సే ఒంటరిగా లండన్‌కు వెళ్ళాడు, తనను మళ్ళీ దేశంలోకి రానివ్వరేమోనని అనుమానించిన రూత్ సెరోవే విడిచి రాలేదు. ఆమె అక్కడ ఉండడమే ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయింది. విడిపోయిన జంటలో ఒకరు కూర్చుని ఏడుస్తుంటే పేజీలు కదలవు, ఉన్నచోట ఉండడమే ఒక ఎత్తుగడ అయినప్పుడు కదులుతాయి. ఉత్తరాలు, తంతి సందేశాలు, పత్రికా వార్తలు, దాచిన నివేదిక వంటివి మధ్యమధ్య పెట్టవచ్చు. కథ ఈ కాలానిదైతే వాటి స్థానంలో ఫోన్‌లో తీసిన ఫొటో, రాజప్రాసాదం విడుదల చేసే రెండు వాక్యాల ప్రకటన వస్తాయి.

తొమ్మిదో మెట్టు: ముగింపుకు ధర కట్టండి

ప్రేమకథ చదివేవారు జంట కలవాలని కోరుకుంటారు, దానిని కాదనకండి. ఏం వదులుకుని కలిశారన్నది మాత్రం తేటగా కనిపించాలి. బ్రిటన్ రాజు ఎనిమిదవ ఎడ్వర్డు 1936లో ప్రేమించిన స్త్రీ కోసం గద్దె వదులుకుని దేశం విడిచి వెళ్ళిపోయాడు. సెరెట్సే గద్దె వదులుకుని దేశానికి తిరిగి వచ్చాడు. ఈ రెండు త్యాగాలూ కాగితం మీద ఒకేలా ఉంటాయి, నవలలో పూర్తిగా వేరు. మొదటిది ప్రేమ కోసం ప్రజలను విడవడం, రెండవది ప్రేమనూ ప్రజలనూ ఉంచుకుని బిరుదును విడవడం. యువ పాఠకులకు రెండవది ఎక్కువ పనికొస్తుందని నేననుకుంటాను.

సెరెట్సే 1966లో స్వతంత్ర బోట్స్వానాకు మొదటి అధ్యక్షుడయ్యాడు, 1980లో మరణించేవరకు ఆ పదవిలో ఉన్నాడు, కుమారుడు ఇయాన్ 2008లో అధ్యక్షుడయ్యాడు. ఈ విజయాన్ని ముగింపుగా వాడుకోవాలని చేయి లాగుతుంది. నలభై ఐదేళ్ళ అధ్యక్షుడి ప్రమాణస్వీకారం వేరే నవల. మీ కథ ఇద్దరూ ఏ హోదా లేకుండా, ఒక ఇల్లు సర్దుకుంటున్న రోజు దగ్గర ఆగాలి, రాబోయేది పాఠకుడు ఊహించుకోగలిగితే చాలు.

పదో మెట్టు: అచ్చుకు ముందు పరీక్ష

ప్రతి పూర్తి చేసిన చిత్తుప్రతి మీద మూడు పనులు చేయండి. మొదట, జాతి ప్రస్తావన ఉన్న వాక్యాలన్నీ గుర్తుపెట్టి, వాటిలో ఎన్ని సంభాషణలో ఉన్నాయో, ఎన్ని కథకుడి నోట ఉన్నాయో చూడండి. కథకుడి వంతు ఎక్కువైతే తగ్గించండి. తరువాత, తాళం తీయడానికి జరిగిన ప్రతి ప్రయత్నాన్నీ వరుసగా రాసి, వాటిలో కనీసం ఒకటి కథానాయిక సొంతంగా చేసినదై ఉందో లేదో సరిచూసుకోండి. చివరగా, కథ జరిగే దేశానికి చెందినవారికి, లేదా అక్కడ ఏళ్ళ తరబడి బతికినవారికి చదివి వినిపించండి. దక్షిణాఫ్రికాలోనూ బ్రిటన్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక అటువంటి పాఠకులు దొరకడం కష్టం కాదు. వారు ముందుగా పట్టుకునేవి పెద్ద విషయాలు కావు. బెచువానాలాండ్ పాలనా కేంద్రమైన మఫెకింగ్ ఆ దేశం లోపల కాక సరిహద్దు అవతల దక్షిణాఫ్రికా గడ్డపై ఉండేదన్న సంగతి తెలియక, కథానాయకుణ్ణి ఒక్క రోజులో ఆ కార్యాలయానికి నడిపించి తిరిగి ఇంటికి చేర్చిన పేజీ ఉంటే, దానిని వారే ముందు పట్టుకుంటారు.